గ్రామప్రియ పెట్టలకి దాణా దండిగా పోస్తున్నాం, గుడ్లు మాత్రం నాలుగే. ఏం మార్చాలి?

తుని కోడలు:

నమస్కారమండి. మాది తుని దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక పన్నెండు సెంట్ల దొడ్డి ఉంది. కొబ్బరి చెట్లు, ఓ మునగ చెట్టు, గేదెల పాక, గడ్డివాము అన్నీ అందులోనే. మా అత్తగారికి ఎప్పటినుంచో నాటు పెట్టలు నాలుగు ఉన్నాయి. దసరా వెళ్లాక నెల పిల్లలుగా గ్రామప్రియ జాతి కోళ్లు తెచ్చాం. పోయినవి పోగా పెట్టలు 12, పుంజులు 6 మిగిలాయి. మొత్తం 22 కోళ్లు. అమ్మినాయన "ఆరు నెలలు దాటాక రోజుకో గుడ్డు గ్యారంటీ" అన్నాడు.

ఇప్పుడు వాటికి ఎనిమిది నెలలు దాటింది. పన్నెండు పెట్టలకీ కలిపి రోజుకి మూడో నాలుగో గుడ్లు వస్తున్నాయి. అందులోనూ ఒకటి తోలుగుడ్డు ఉంటోంది, పట్టుకుంటే మెత్తగా చేతికి అంటుకుపోతుంది. మేత తక్కువేమీ కాదు. దాణా కొట్టులో లేయర్ మాష్, అదే గుడ్లు పెట్టే కోళ్ల దాణా, తెస్తున్నాం, 50 కిలోల బస్తా పదిహేను వందల పైనే. అది మూడు వారాలు కూడా రావడం లేదు. పొద్దున్నే గూడు తలుపు తీయగానే మూకుడు నిండా పోసేస్తాను. మధ్యాహ్నం ఇంట్లో మిగిలిన అన్నం, సాయంత్రం తవుడు తడిపి పెడతాం. రాత్రికి ఏమైనా మిగిలితే ఆ మూకుళ్లోనే ఉంచేస్తాం.

మా ఆయన "చేతి చమురు వదలడమే గానీ ఇందులో లాభం లేదు, అన్నీ అమ్మేద్దాం" అంటున్నారు. మా మామయ్యగారేమో పుంజుల్ని ముట్టుకోనివ్వరు, సంక్రాంతికి రేటు వస్తుందని. మధ్యలో నాకు టెన్షన్. దాణా ఖర్చు తగ్గించి గుడ్లు పెంచే దారి ఏదైనా ఉందా? బయట దొరికేవాటితో మేత మేమే కలుపుకోవచ్చా? కూరకి ఏ వయసులో కోస్తే బాగుంటుంది? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


లెక్కల మాస్టారు:

అమ్మా, మీ ఆయన చెప్పిందే రైటు. 22 కోళ్లు, ఒక్కోటి రోజుకి 110 గ్రాములు. అంటే రోజుకి రెండున్నర కిలోలు, బస్తా 20 రోజులు. మీ బస్తా మూడు వారాలు రావడం లేదంటే లెక్క సరిపోయింది. రోజుకి 75 రూపాయల దాణా పోసి నాలుగు గుడ్లు తీసుకుంటున్నారు. ఒక్కో గుడ్డు దాదాపు 19 రూపాయలు పడుతోంది. కొట్టుకెళ్లి ఫారం గుడ్లు ట్రే తెచ్చుకుంటే అందులో సగం కూడా కాదు. పెరటి కోళ్లు సరదాకి బాగుంటాయి, ఆదాయానికి కాదు.


సత్తుపల్లి అక్క:

మాస్టారు గారి లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్క ఫారం షెడ్డులో కోడికి. పెరటి కోడికి 110 గ్రాములూ మనమే పోస్తే ఇక పెరడు దేనికి? దొడ్డిలో పురుగూ పుట్రా, రాలిన గింజ, గడ్డి మొలక, పేడలో పురుగులు ఉన్నాయి కదా. ఆ సగం అది తెచ్చుకోవాలి, మిగతా సగం మనం పెట్టాలి. అలా జరిగితేనే పెరటి కోళ్లు గిట్టుబాటు అవుతాయి.

చెల్లీ, వయసులో పెద్దదాన్ని గనక నువ్వు అంటున్నా, ఏమనుకోకు. మాది సత్తుపల్లి దగ్గర, పెళ్లయి వచ్చినప్పటి నుంచీ కోళ్లతోనే ఉన్నా. గ్రామప్రియ, వనరాజా, అసీల్ అన్నీ పెంచాను. నీ దగ్గర తక్కువైంది మేత కాదు. మేత పెట్టే వేళ తప్పు, పెడుతున్న కోళ్లలో సగం గుడ్లు పెట్టనివి.

ముందు వేళ సంగతి. తలుపు తీయగానే మూకుడు నిండా పోస్తే కోడి అక్కడే మెక్కి కొబ్బరి చెట్టు నీడన పడుకుంటుంది. ఇక దొడ్డి కెలికేది ఎప్పుడు? పొద్దున ఉత్త చేతులతో తలుపు తియ్యి. గుప్పెడు గింజలు కూడా వద్దు. ఆకలి మీద గేదెల పాక చుట్టూ, గడ్డివాము అడుగునా తిరిగి పురుగు ఏరుకుంటుంది. పురుగులో ఉన్న మాంసకృత్తులకి నీ బస్తాలోవి చాలవు. మేత సాయంత్రం పెట్టు, గూటికి చేరేముందు.

ఎంత పెట్టాలో కోడే చెబుతుంది. సాయంత్రం గూటి కర్ర మీద కూర్చున్నాక ఒక్కోదాన్ని మెడ కింద, రొమ్ము పైన కాస్త కుడివైపున చేత్తో తడిమి చూడు. అక్కడ మేత సంచి ఉంటుంది. నిండుగా, గట్టిగా, నిమ్మకాయ కన్నా పెద్దగా తగిలితే ఆ కోడి ఆరోజు బాగా మేసినట్టు. వదులుగా జారిపోతుంటే దానికి చాలలేదని అర్థం. నాలుగు రోజులు ఇలా చూస్తే నీ దొడ్డి ఎన్ని కోళ్లని మోస్తుందో నీకే తెలుస్తుంది. వానాకాలంలో మేత సగానికి తగ్గించినా సంచులు నిండే ఉంటాయి. ఇప్పుడు ఎండలకి నేల గట్టిపడి పురుగు ఉండదు, కాస్త ఎక్కువే కావాలి. నేను వేసవిలో కోడికి అరవై డెబ్భై గ్రాములు, వానలు పడ్డాక నలభై పెడతాను.

ఆ మిగిలిన అన్నం తగ్గించు. అన్నం తిన్న కోడికి కడుపు నిండుతుంది గానీ గుడ్డు తయారు కాదు. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఎనిమిది, గుడ్లు పెట్టే కోడికి కావాల్సింది పదహారు పైన. పైగా కొవ్వు పట్టిన పెట్ట గుడ్డు మానేస్తుంది. మా ఊళ్లో చికెన్ కొట్టు పక్కన ఒకావిడ పెట్టలు బాతుల్లా ఊగుతూ నడుస్తాయి, పొద్దస్తమానం బిర్యానీ అన్నమే. ఏడాదిగా ఒక్క గుడ్డు లేదు.

రాత్రి మూకుడులో దాణా ఉంచడం వెంటనే ఆపు. ఆ బస్తాలో నీ కోళ్లు తిన్నది ఎంతో, ఎలకలూ పందికొక్కులూ తిన్నది ఎంతో ఎవరు చూశారు? ఎలకలు వస్తే వాటి వెనకే పాము వస్తుంది.

ఇప్పుడు ఆ పుంజులు. మీ మామయ్యగారికి కోపం వచ్చినా సరే చెబుతున్నా. సంక్రాంతికి రేటు వచ్చేది జాతి పుంజుకి. డేగ అనీ కాకి అనీ నెమలి అనీ రంగు చూసి, కాలు చూసి, మెడ చూసి కొనేది అసీల్‌ని. గ్రామప్రియ పుంజుని బరి దగ్గరికి తీసుకెళ్తే నవ్వుతారు. దానికి ఎప్పుడైనా కూర రేటే. గ్రామప్రియ గుడ్ల కోసం తయారుచేసిన జాతి. మగవి నాలుగు నెలలకి కిలోంబావు, కిలోన్నర తూగుతాయి. ఆ తర్వాత తిన్న తిండికి తగ్గ బరువు ఎక్కవు, మాంసం మాత్రం గట్టిపడుతుంది. ఇప్పటి నుంచి సంక్రాంతి దాకా ఒక్కో పుంజు తినేది తక్కువలో తక్కువ పాతిక కిలోలు. ఆరింటికి మూడు బస్తాలు. ఆయన్నే లెక్క వేయమను. పిల్లలు తీయాలనుకుంటే పది పెట్టలకి ఒక పుంజు చాలు. నీకు ఒకటి, మహా అయితే రెండు. తినడానికే గుడ్లయితే పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. పుంజులు ఎక్కువైతే ఇంకో బాధ, పెట్టల వీపు మీద ఈకలన్నీ పీకేస్తాయి. ఇప్పటికే నీ పెట్టల వీపులు బోసిగా ఉన్నాయేమో చూడు.

పెట్టల్లో కూడా ఏది పెడుతోందో ఏది ఊరకే తింటోందో తేల్చు. పెట్టని చంకలో పెట్టుకుని తోక కింద చూడు. రెండు సన్న ఎముకల కొసలు తగులుతాయి. వాటి మధ్య రెండు వేళ్లు పట్టి, అక్కడ చర్మం మెత్తగా తడిగా ఉంటే అది గుడ్లు పెట్టేదే. వేలు కూడా పట్టకుండా బిగుసుకుని, తల మీద జుట్టు వాడిపోయి పాలిపోయి ఉంటే పెట్టడం లేదు. ఎనిమిది నెలలకి కూడా ఇలా ఉంటే నులిపురుగులు ఉండి ఉండొచ్చు, మందు వేసి ఇంకో నెలా నెలన్నర చూడు. అప్పటికీ మారకపోతే కూరకే. కానీ నాకు ఇంకో అనుమానం. పొద్దుటి నుంచీ తిరిగే కోళ్లు గూట్లోనే పెడతాయని ఏముంది? గడ్డివాము అడుగు, కొబ్బరి మట్టల గుట్ట వెనక వెతికావా?

తోలుగుడ్డు సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఈ ఎండకి కోడి నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు పెంకుకి కావాల్సిన సరుకు ఒంట్లో తగ్గిపోతుంది. దానికి తోడు తిండి కూడా తినదు. మాష్‌లో సున్నం ఉంటుంది గానీ నువ్వు పెట్టే అన్నం, తవుడు కలిసి అది పలచబడుతోంది. దాణా కొట్టులో షెల్ గ్రిట్ అని ఆల్చిప్పల ముక్కలు దొరుకుతాయి, అవి విడిగా ఒక చిప్పలో పోసి ఉంచు. దాణాలో కలపక్కర్లేదు. గుడ్డు పెట్టే పెట్ట సాయంత్రం తనే వచ్చి కావాల్సినంత ఏరుకుంటుంది, మిగతావి దాని జోలికి పోవు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పెట్టొచ్చు. కానీ ఎండబెట్టి, పెనం మీద వేయించి, పొడి చేసి పెట్టు. పెంకు పెంకులా వేస్తే రుచి మరిగి గూట్లో గుడ్లు పొడుచుకు తింటాయి. ఆ అలవాటు పడితే వదలదు.

నీళ్లు చూసుకో. కోడి తిన్నదానికి రెట్టింపు తాగుతుంది, ఈ ఎండల్లో ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పన్నెండింటికల్లా కాగిపోతాయి. మట్టి మూకుళ్లు తెచ్చి నీడన రెండు మూడు చోట్ల పెట్టు, మధ్యాహ్నం ఓసారి మార్చు. పల్చటి మజ్జిగ పోసినా మంచిదే.

మేత మీరే కలుపుకోవచ్చా అన్నావు. భేషుగ్గా. నేను పది కిలోలకి ఇలా కలుపుతాను. నూకలూ మొక్కజొన్న రవ్వా కలిపి 5 కిలోలు, తవుడు 2 కిలోలు, వేరుశనగ చెక్క 2 కిలోలు, ఎండు చేపల పొడి 300 గ్రాములు, ఆల్చిప్పల పొడి 650 గ్రాములు, కోళ్ల మినరల్ మిక్చర్ 100 గ్రాములు, ఉప్పు పాతిక గ్రాములు. మీ వైపు చోళ్లు (రాగులు) చవగ్గా దొరికితే మొక్కజొన్నలో సగం తగ్గించి అవి వేసుకో. ఇది గుడ్లు పెట్టే పెట్టలకి మాత్రమే. ఆ పుంజులకీ, ముందుముందు పిల్లలకీ ఇది గానీ లేయర్ మాష్ గానీ వద్దు. అంత సున్నం ఎదిగే పిల్లల మూత్రపిండాలని పాడుచేస్తుంది. పిల్లలకి మొదటి ఆరు వారాలు చిక్ మాష్ కొని తీరాలి, అక్కడ పొదుపు చేయకు.

వస్తువులు కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు. తవుడు తాజాగా మిల్లు దగ్గర తెచ్చుకో, ఎక్కువ రోజులు నిలవుంటే నూనె వాసన కొట్టి చేదెక్కుతుంది. మొక్కజొన్న గానీ చెక్క గానీ కాస్త బూజు కనిపించినా ముక్కవాసన వచ్చినా గేదెలకి కూడా వేయకుండా పారెయ్యి. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, కోడి రోగం లేకుండానే చిక్కిపోతుంది. మీరు సముద్రం దగ్గర వాళ్లు, ఎండు చేప చవక. కానీ ఉప్పు చేప తెచ్చేవు! ఉప్పు పట్టించకుండా ఎండబెట్టిన చిన్న చేపలే తేవాలి. ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్లు తాగి తాగి పడిపోతుంది.

దొడ్లోనే పైసా ఖర్చు లేకుండా దొరికేవి ఇంకా ఉన్నాయి. మునగాకు రెమ్మలు తాడుతో కోళ్ల తల ఎత్తుకి వేలాడదియ్యి, ఎగిరి ఎగిరి తింటాయి, పచ్చసొన రంగు వారం పది రోజుల్లో మారుతుంది. నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా కూడా వేసుకో, కాకపోతే అది తొంభై పాళ్లు నీళ్లే. దాంతోనే దాణా ఎత్తేయొచ్చు అనేవాళ్ల మాట నమ్మకు. నాకు అన్నిటికన్నా నచ్చేది చెదల కుండ. పాత కుండలో ఎండు పేడ, చిరిగిన గోనె ముక్క, కాస్త కొబ్బరి పీచు కుక్కి నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే చోట సాయంత్రం బోర్లించు. తెల్లారి ఎత్తి కోళ్ల ముందు దులుపు. పెద్ద కోళ్లు ఎగబడతాయి గానీ ఇది పిల్లలకి పెట్టాల్సిన వస్తువు. ఎండ ఎక్కితే చెదలు లోపలికి పోతాయి, అందుకే పొద్దున్నే ఎత్తాలి. ఇంటి గోడకి దూరంగా పెట్టు, లేకపోతే మీ ఆయన ఈసారి నా మీద కేసు పెడతారు.


కోళ్ల డాక్టరు కాదు, కాంపౌండరు:

సత్తుపల్లి అక్కగారు మేత గురించి చెప్పాల్సిందంతా చెప్పేశారు. నేను పశువుల ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మేత ఎంత బాగా పెట్టినా కొక్కెర తెగులు వస్తే మూడు రోజుల్లో దొడ్డి ఖాళీ. మీ పోస్టులో టీకాల మాటే లేదు, అందుకే రాస్తున్నాను.

కొక్కెర, అదే రానిఖేత్. ఆకుపచ్చగా తెల్లగా నీళ్ల విరేచనాలు, నోరు తెరిచి గురక, తర్వాత మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం. వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయాలి. పిల్లలకి 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే కొక్కెర టీకా కంట్లో ఒక చుక్క. రెండో వారం చివర గంబోరో అనే ఇంకో జబ్బుకి టీకా. 28 రోజులకి లసోటా మళ్లీ. ఎనిమిది వారాలకి ఆర్2బి ఇంజెక్షన్, అదీ కొక్కెరకే, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీ. మశూచి టీకా కూడా ఆ వయసులోనే. మశూచి దోమలతో వస్తుంది, వానాకాలంలో జుట్టు మీద పొక్కులు చూసి అమ్మవారు పోసిందంటారే, అదే. మీవి నెల పిల్లలుగా కొన్నారు గనక అమ్మినాయన ఏమేం వేశాడో ఇప్పుడు అడిగినా లాభం ఉండదు. నులిపురుగుల మందు ముందు వేసి, వారం ఆగి, ఆర్2బి వేయించండి. వానలు మొదలుకాకముందే.

టీకా బుడ్డి ఐస్ డబ్బాలోనే ఇంటికి రావాలి. జేబులో పెట్టుకుని ఎండలో వచ్చారంటే అది ఉత్త నీళ్లతో సమానం. కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. అందుకే ఆ వీధిలో నలుగురు కలిసి ఒక బుడ్డి తెచ్చుకుంటే మంచిది. ఒక బుడ్డిలో వంద కోళ్లకి సరిపడా మందు ఉంటుంది, ఇరవై రెండింటికి వేసి మిగతాది పారబోయడం ఎందుకు? పక్కింటి కోళ్లకి కూడా వేస్తే మీ కోళ్లకే రక్ష. పొద్దున చల్లవేళ గానీ సాయంత్రం గానీ వేయాలి. జబ్బుతో ఉన్న కోడికి వద్దు.

ఇంకో రెండు మాటలు. విత్తనాల మొక్కజొన్న మిగిలితే, గులాబీ రంగు మందు పట్టించినది, కడిగి కోళ్లకి వేసేవాళ్లని చూశాను. కడిగినా విషమే. చికెన్ కొట్టు వ్యర్థాలు పచ్చిగా తెచ్చి వేయడం కూడా అంతే ప్రమాదం, అక్కడి రోగం మీ దొడ్లోకి మీరే మోసుకొచ్చినట్టు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. ఉన్నట్టుండి నాలుగైదు కోళ్లు ఒకేసారి చస్తే కోసుకు తినకండి, అమ్మకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి.

ఏ మందు వేసినా దాని మీద రాసిన గడువు దాటేదాకా గుడ్డు గానీ మాంసం గానీ తినకూడదు. మనుషుల జ్వరం మాత్ర నలిపి నీళ్లలో కలిపే అలవాటు ఉంటే మానేయండి.


టెక్సాస్ పెరడు:

నేనూ పెట్టల్ని పెంచుతున్నాను, ఇక్కడ ఆరే. మా ఊళ్లో పుంజుని ఉంచుకోనివ్వరు, కూత వల్ల ఇరుగుపొరుగుకి నిద్ర పాడవుతుందని. సత్తుపల్లి అక్క చెప్పినట్టు పుంజు లేకపోయినా గుడ్లకి లోటు లేదు. మాకు ఇక్కడ ఎండలతో పాటు చలికాలం ఇంకో సమస్య. పగలు కురచ కాగానే గుడ్లు ఆగిపోతాయి. పెట్టకి రోజుకి పద్నాలుగు గంటల వెలుతురు ఉండాలట, అందుకని తెల్లవారుజామున ఒక చిన్న బల్బు టైమర్ మీద వెలిగిస్తాను. మీకు మార్గశిరం, పుష్యంలో గుడ్లు తగ్గితే దాణాని తిట్టకండి, కాస్త దీపం పెట్టి చూడండి.

ఒక డౌట్ అక్కా. వనరాజా కూడా పెంచాను అన్నారు. గ్రామప్రియకీ దానికీ తేడా ఏంటి? నేను ఇండియా వచ్చినప్పుడు మా అమ్మకి కొనిద్దామని.


సత్తుపల్లి అక్క:

రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసినవే. వనరాజా ఒళ్లు పెద్దది, కూరకి బాగా పనికొస్తుంది. మూడు నెలలకే కిలోంబావు పైన తూగుతుంది, గుడ్లు ఏడాదికి నూరూ నూటపది. గ్రామప్రియ తేలిక ఒళ్లు, గుడ్లు ఎక్కువ. మేత సరిగ్గా పడితే ఏడాదికి నూట అరవై, నూట ఎనభై పెడుతుంది. "రోజుకో గుడ్డు గ్యారంటీ" అనేది మాత్రం అమ్ముకునేవాడి మాట. నాటు పెట్ట అరవై డెబ్భై పెడుతుంది. కానీ పొదుగుతుంది, పిల్లల్ని కాస్తుంది, గద్ద నీడ పడితే కేక పెడుతుంది. వనరాజా బరువుకి పరిగెత్తలేదు, కుక్కకీ ముంగిసకీ తొందరగా చిక్కుతుంది. మీ అమ్మగారి దొడ్డికి ప్రహరీ ఉంటే వనరాజా, లేకపోతే గ్రామప్రియ. అక్కడి పశువైద్య యూనివర్సిటీ వాళ్ల రాజశ్రీ కూడా పెరటికి మంచిదే.

సంతలో గంపలో అమ్మే రంగు రంగుల పిల్లల్ని మాత్రం కొననివ్వకండి. అవి ఫారాల్లో గుడ్లకి పనికిరావని తీసేసిన మగ పిల్లలు, రంగు అద్ది అమ్ముతారు. గుడ్లు ఎటూ ఉండవు, మాంసం కూడా అంతంతమాత్రం. పిల్లలు ఏడ్చి కొనిపిస్తారు, వారంలో సగం పోతాయి.


తుని కోడలు:

అందరికీ చాలా థాంక్సండి. అక్కా, మీరు చెప్పాక గడ్డివాము వెనక వెతికితే కొబ్బరి డొక్కల మధ్య ఒక గుంటలో పంతొమ్మిది గుడ్లు! అన్నీ గ్రామప్రియవే, గోధుమ రంగువి. సగం నీళ్లలో తేలాయి, పారేశాం. ఇప్పుడు పొద్దున పదింటి దాకా గూటి ముందు వల కట్టి లోపలే ఉంచుతున్నాం. పాత కొబ్బరి బుట్టల్లో గడ్డి వేసి పెడితే అందులోనే పెడుతున్నాయి. తోక కింద చూస్తే మూడు పెట్టలకి వేలు కూడా పట్టలేదు. వాటికి నులిపురుగుల మందు వేశాం.

మామయ్యగారికి మూడు బస్తాల లెక్క నేను చెప్పలేదు, మా ఆయన చేత చెప్పించాను. నాలుగు పుంజులు వెళ్లిపోయాయి, ఒకటి మాత్రం చూడ్డానికి బాగుందని ఆయన మంచం పక్కనే కట్టేసుకున్నారు. దానికి చోళ్లు ఆయనే పెడుతున్నారు, నా లెక్కలోది కాదట.

ఇంకో ప్రశ్న. మా అత్తగారి నాటు పెట్ట ఒకటి పొదుగుకి కూర్చుంది. దాని కింద గ్రామప్రియ గుడ్లు పెట్టొచ్చా? పిల్లలు కూడా తల్లుల్లాగే గుడ్లు పెడతాయా?


సత్తుపల్లి అక్క:

అలా ఉదయం పదింటి దాకా ఉంచడం మంచి పనే, చాలావరకు పెట్టలు ఆ వేళకే పెట్టేస్తాయి. కాకపోతే నీళ్లు లోపల ఉండాలి. ఆకలి మీదే వదలాలి, అది మరిచిపోకు.

పెట్టొచ్చు, పిల్లలు వస్తాయి. పుంజు ఉందిగా. కానీ తల్లుల్లాగా గుడ్లు పెట్టవు. గ్రామప్రియ రెండు మూడు జాతుల్ని కలిపి తీసిన కోడి, దాని పిల్లల్లో ఆ గుణం చెదిరిపోతుంది. ఒకటి బాగా పెడుతుంది, ఇంకోటి నాటుదానికన్నా తక్కువ. కూరకి పెంచుకుంటే దిగులు లేదు. గుడ్ల కోసమైతే రెండేళ్లకోసారి కొత్త పిల్లల్ని కొనుక్కోవాలి, పాత పెట్టల్ని పులుసులోకి పంపాలి.

ఇప్పుడు మాత్రం కూర్చోపెట్టకు. ఈ ఎండకి గుడ్డు రెండు మూడు రోజుల్లోనే లోపల పాడవడం మొదలుపెడుతుంది, పెట్ట కూడా నీళ్లకోసం మాటిమాటికీ లేస్తుంది. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడనియ్యి. ఈలోగా ఆ పెట్టని గుడ్లు లేని చోట వెలుతురులో గంప కింద నాలుగు రోజులు మూసి పెడితే పొదుగు మానేస్తుంది, కొన్నాళ్లకి మళ్లీ గుడ్లకి వస్తుంది. చల్లబడ్డాక మళ్లీ ఏదో ఒకటి కూర్చుంటుంది. అప్పుడు తాజా గుడ్లు పది, పన్నెండు పెట్టు. మరీ పెద్దవీ మరీ చిన్నవీ వద్దు. పగుళ్లున్నవి వద్దు. కడగకు. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూడు. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే బతికున్నట్టు, తేటగా ఉంటే తీసెయ్యి. ఇరవయ్యొకటో రోజుకి పిల్లలు. ఆ రోజుకి చిక్ మాష్, లసోటా రెండూ సిద్ధంగా ఉంచుకో. తల్లిని పిల్లలతో సహా రెండు వారాలు గంప కిందే పెంచు. మీ వైపు గద్దలు ఎక్కువా?


తుని కోడలు:

గద్దలు తక్కువే అక్కా, పిల్లులతోనే తంటా. గంప మీద రాయి పెడతాను. మృగశిర దాకా ఆగుతాం. ఆర్2బి ఎల్లుండి వేయిస్తున్నాం, వీధిలో ఇంకో మూడిళ్లు కలిశాయి.